గెడ్డవతల మూడో తరగతి

మా నేరెడపుట్టుగ బడిలో
పొయ్యికాడ కూకొనే
నాను లెక్కలు నేర్సినాను.
గుంటకి వంద గ్రాములు.
ముప్పైయొక్క గుంటలు, మూడు కేజీల వంద.
బియ్యం కడుగుతుంటే
ఆ రోజు ఎవులికి జొరమొచ్చినాదో
నా సేతికి తెలిసిపోయీది.

జూన్లో బడి తెరిసిన రోజు
మాస్టారు రిజిస్టరు సూసి సేపు మాటాడనేదు.
"కేజీ రెండొందలు చాలు, తవిటమ్మా" అన్నారు సివరాకరికి.
గుండిగ అడుగున అన్నం
పలసగా అంటుకొని మాడిపోనాది.
పెద్ద గుండిగలో సిన్నన్నం వొండడం
నాకింకా సేతకావడం నేదు.

మూడూ నాలుగూ అయిదూ
గెడ్డవతల హైస్కూల్లో కలిపీసినారు.
కలిపీడమంటే ఏటో నాకు తెలుసు.
పప్పులో ఉప్పు కలిపితే
ఉప్పెక్కడికీ పోదు, నాలిక్కి తగుల్తాది.
మా బళ్లో ఏటి తగుల్తాది మరి?
మూడు గోడల నిండా ఎక్కాలున్నాయి,
సదివీవోలు నేరు.

మీటింగుకొచ్చిన ఆపీసరు మంచోడే.
టీ ఇస్తే గళాసు తనే కడిగీసినాడు.
సెల్లులో మేపు సూపించి
"కిలోమీటరేనమ్మా" అన్నాడు.
కాకికి కిలోమీటరు, బాబూ.
మా గుంటలకి
జీడితోట సుట్టు తిరగాల,
రైలుకట్ట కింద తూములోంచి దూరాల,
ఆపైన గెడ్డ. మోకాల్లోతే నీలు.
శ్రావణంలో మాత్రం
ఎవులి మోకాలో అడగాల.

"ఒక్క మాస్టారు అయిదు తరగతులకి ఏం చెప్తారమ్మా?" అన్నాడు.
అదీ నిజిమే.
మూడోతరగతికి తీసివేతలిచ్చి
ఒకటోతరగతి ముక్కులు తుడిసీవోరు మాస్టారు,
నా కల్లతో సూసినాను.
"అయితే ఇంకో మాస్టార్ని అంపండి"
ఎనకనించి ఎవులో అన్నారు.
ఎవులా అని అందరూ తిరిగి సూసినారు.
నానే.

కమిటీ చైర్మను ఢిల్లేసు సంతకం పెట్టీసినాడు.
ఆడి కొడుకు ఆపాటికే టై కట్టుకొని
పలాస కాన్వెంటు పసుపు వేనులో ఎల్లిపోనాడు.
ఆడిని నానేటీ అనను.
డబ్బులుంటే నానూ అంపుదునేమో.

కున్నమ్మ మనవరాలు రోహిణి
మొదటి వోరం ఎల్లినాది, తడిసిన గౌనుతోటే.
రెండో వోరం వోన.
మూడో వోరం
జీడిపిక్కలు కొట్టీకాడ అమ్మ పక్కన కూకున్నాది.
హైస్కూల్లో మొకం ఫోటో తీసి హాజరేస్తారట.
మొకం రాకపోతే ఎర్రగీత పడతాదట.
ఆ గీత ఏ ఊరెల్తాదో,
ఎల్లి ఎవులికి సెప్తాదో.

మొన్న మజ్జానం
పాత బడి గోడకాడ నిలబడ్డాది ఆ బొట్టి.
ఏల్లు జీడిసొనకి నల్లబడి
కొసల్లో తోలు వూడున్నాది.
ఆకలని అననేదు.
"మాడువాసనొస్తంది, ఇయేల ఎవులు వొండినారు?"
అని ఎగతాలి సేసినాది నన్ను.

కూకోబెట్టి అన్నం పెట్టినాను.
గుడ్లు పన్నెండే, నా వొంతుది ఆల్లో నేదు.
తింటా తింటా గోడకేసి సూసి
ఏడో ఎక్కం ఎత్తుకున్నాది.
ఏడైదులు ముప్పైయైదు,
ఏడార్లు నలభై రెండు...
ఆ కింద పెచ్చూడిపోయి ఇటికె కనపడతంది.
"తరవాతదేటే?"
"అది గెడ్డవతల సెప్తారు, మామ్మా."

నాకొచ్చింది వందల లెక్కొక్కటే.
మాస్టారి కేసి సూసినాను.
ఆరు బోర్డు తుడుస్తన్నారు,
పొద్దున్నించీ ఏటీ రాయని బోర్డు.

మర్నాడు బియ్యం తూసినాను.
కేజీ మూడొందలు తూగినాది.
తక్కిడి పాతది, ముల్లు వొంగిపోనాది
అని రాసుకుంటే రాసుకోండి.